ఎర్సీలియా టోపీ తీయలేదు

ఎర్సీలియా ఇంటికి ఎవరు వచ్చినా ఆమె మొదట చూసేది వాళ్ల చేతులనే. టోపీని పైనున్న నొక్కు దగ్గర రెండు వేళ్లతో పట్టి లేపారా, ఇక వాళ్లకి కాఫీ కూడా దక్కదు. అక్కడ పట్టుకుంటే ఫెల్టు బట్ట నలిగి నలిగి ఏదో ఒకనాడు చిరుగుతుంది. అంచులని రెండు చేతులతో పట్టి ఎత్తాలి. టోపీలు చేసే మా మొంతెవార్కి ఊళ్లో ఈపాటి తెలియనివాణ్ణి మేం మనిషికింద జమకట్టం.

ఆమెకి డెబ్బై ఆరేళ్లు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అందులో మొన్నమొన్నటిదాకా నూట నలభై టోపీలు, వాటికి పోగా మిగిలిన చోట్లో ఆమె. కొన్ని గురువారం సంతలో కొంది. కొన్ని, పోయిన మొగుళ్ల బీరువాలు ఖాళీ చేస్తున్న ఆడవాళ్లని అడిగి తెచ్చుకుంది. మా ఊరి టోపీల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫెల్టుకి నునుపు పట్టింది. కుందేలు బొచ్చుతో చేసిన ఫెల్టుని గరుకు కాగితంతో రుద్ది, చెంపకి ఆనిస్తే హాయిగా ఉండేట్టు చేయడం ఆమె పని. లోపలి తోలుపట్టీ కుట్టడం నా పని. పక్కపక్క బల్లలే మావి. నా పేరు నెల్లా.

"కొత్త టోపీలంటే నీకు చులకన కదే?" అని ఒకసారి అడిగాను.

"ఎవరన్నారే? మొన్న పింఛను రాగానే ఈ నీలంది కొన్నాను చూడు. ఇలాంటి రంగు మన కాలంలో ఎవడికైనా కుదిరిందా? చుట్టి సంచిలో కుక్కినా మళ్లీ లేచి కూర్చుంటుంది. కాకపోతే పట్టీ తిప్పి చూస్తే లోపల ఎవరూ ఉండరు."

పాతవాటిలో మేముంటాం. పట్టీ కుట్టేముందు, కనపడని వైపు, ఆ టోపీ ఎవరెవరి చేతులమీదుగా వచ్చిందో వాళ్ల మొదటి అక్షరాలు పెన్సిలుతో రాసేదాన్ని. మేస్త్రీకి తెలిస్తే కూలి కోసేవాడు. అయినా రాశాను. ఎర్సీలియా ప్రతి టోపీకీ పట్టీ తిప్పి చూస్తుంది. అక్షరాలు కనపడితే "ఇదిగో, మన పక్కబల్ల ఫోస్కా!" అంటూ తప్పిపోయిన చెల్లెలు దొరికినట్టు సంబరపడుతుంది.

ఆ ఫ్యాక్టరీలో ఇంకో నియమం ఉండేది. తయారైన టోపీని ఆడకూలీ తలమీద పెట్టుకోకూడదు. మా జుట్టు తగిలితే టోపీ పాడైపోతుందట! దాన్ని రుద్దిన చేతులు మావి, కుట్టిన వేళ్లు మావి, తల మాత్రం పనికిరాదు. ఎర్సీలియాకి పందొమ్మిదేళ్లప్పుడు, ఒక బూడిదరంగు టోపీకి నునుపు పట్టడం పూర్తిచేసి, కిటికీ అద్దంలో చూసుకుంటూ నెత్తిన పెట్టుకుంది. రాణిలా ఉంది. మేస్త్రీ చూశాడు.

"ఎవరిచ్చారే నీకు ఆ హక్కు?" అని అందరిముందూ అరిచాడు.

"నా టోపీని నేను పెట్టుకున్నాను" అంది.

మూడు వారాలు పనిలోంచి నిలిపేశారు. నేను చేతికందేంత దూరంలో ఉన్నాను. అంతకుముందురోజే అదే టోపీ నేనూ పెట్టుకుని చూసుకున్నాను. ఆ మాట అనలేదు. తలొంచుకుని సూదిలో దారం ఎక్కించాను. ఆ సిగ్గు నన్ను ఈ రోజుదాకా వదల్లేదు. తిరిగి పనిలోకి వచ్చిన తర్వాత, 'పాడైంది' అని పక్కన పడేసిన ఆ టోపీనే ఎర్సీలియా చేతికందిన మొదటి జీతంతో కొనుక్కుంది. మిగిలిన నూట ముప్పై తొమ్మిదీ దాని వెనకాల వచ్చినవే.

ఈ ఏడాది పాత ఫ్యాక్టరీ గోడల మధ్య టోపీల ప్రదర్శనశాల పెడుతున్నామంటూ పురపాలక సంఘం నుంచి గ్వాల్తియేరో అనే ఆయన వచ్చాడు. వస్తూనే ఒక టోపీని నొక్కు దగ్గర పట్టి లేపాడు. ఎర్సీలియా కాఫీ గిన్నె పొయ్యిమీంచి దించేసింది.

"టోపీలిస్తాను. ఒక్కటే షరతు. ప్రతి టోపీ పక్కనా అది చేసినవాళ్ల పేర్లు రాయాలి" అని పట్టీ తిప్పి అక్షరాలు చూపించింది.

"తప్పకుండానమ్మా" అన్నాడు.

ప్రారంభానికి వారం ముందు టోపీల పక్కన పెట్టే అచ్చు అట్టలు చూపించడానికి తెచ్చాడు. ప్రతిదానిమీదా ఫ్యాక్టరీ యజమాని కుటుంబం పేరే, బంగారు అక్షరాల్లో.

"పెన్సిలు గీతలకి పేర్లేంటమ్మా? ఎవరు చదువుతారు?" అన్నాడు.

ఆమె ఒక అట్టని తిప్పి వెనకవైపు చూస్తుంటే నాకే కంగారు పుట్టింది. ఇవ్వనంటే, ఆమె తర్వాత ఆ టోపీలు చెత్తబండి ఎక్కుతాయి. ఇస్తే మేం మళ్లీ పట్టీ కిందే ఉండిపోతాం.

"ఆదివారం ప్రారంభానికి వస్తాయి. నేనే తెస్తాను" అంది చివరికి.

ఆయన వెళ్లగానే ఫోను తీసింది. మా బల్లల దగ్గర పనిచేసినవాళ్లలో బతికున్నది పదకొండుమందిమి. ఆదివారం అందరం ఆమె ఇంట్లో చేరాం. ఎవరి అక్షరమున్న టోపీ వాళ్ల నెత్తిన పెట్టింది. ఫోస్కాకి మోకాళ్ల నొప్పి, అయినా టోపీ పెట్టగానే మెట్లు చకచకా దిగింది. నా వంతు వచ్చేసరికి ఆ బూడిదరంగు టోపీ తీసింది.

"అది నీదే. నేను పెట్టుకోను" అన్నాను.

"మూసుకుని పెట్టుకో" అంది. తనేమో ఆ కొత్త నీలంది పెట్టుకుంది.

ప్రదర్శనశాల నిండా జనం, బల్లలు మాత్రం అన్నీ ఖాళీగా ఉన్నాయి. మేం లోపలికి నడవగానే గ్వాల్తియేరో ఎదురొచ్చాడు.

"అమ్మా, లోపలికొచ్చాక టోపీ తీయాలి కదా. మీకు తెలియంది కాదు."

"తీయాల్సింది మగవాళ్లు నాయనా. చర్చిలో కూడా ఆడవాళ్లు తీయక్కర్లేదు."

"కానీ ఇవి మగవాళ్ల టోపీలు!"

"టోపీ మగాడిదైతే ఏం, తల ఆడదానిది. ముప్పై ఏళ్లు పెట్టుకోవద్దన్నారు. ఇప్పుడు తియ్యమంటున్నారు. మీ మాటలో నిలకడ ఎక్కడుంది?"

జనం నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఎర్సీలియా ఖాళీ అట్టల కట్ట, పెన్సిలు ఆయన చేతిలో పెట్టింది.

"కూర్చుని రాయి. ఒక పేరు రాస్తే ఒక టోపీ దిగుతుంది."

ఆయన రాశాడు. ఫోస్కా పేరు తప్పు రాస్తే మళ్లీ రాయించాం. ఒక్కొక్కరే పేరు చెప్పడం, పట్టీ తిప్పి అక్షరం చూపించడం, టోపీని అంచులు పట్టి దించి బల్లమీద పెట్టడం. మిగిలినవి మర్నాడు, అదే పద్ధతిలో. ఆఖరికి నేను మిగిలాను.

"నెల్లా, పట్టీ కుట్టింది. ఎర్సీలియా, నునుపు పట్టింది, నెత్తిన పెట్టుకుంది. అదీ రాయి" అని ఎర్సీలియా ఆయనకి చెప్పింది.

"నేనూ పెట్టుకున్నాను. నిన్ను నిలిపేసినరోజు ఆ మాట చెప్పలేదు. అది కూడా రాయించవే" అన్నాను.

ఎర్సీలియా నావైపు చూసింది. యాభై ఏడేళ్లలో ఆ సంగతి మా మధ్య రావడం అదే మొదలు.

"నెల్లా కూడా పెట్టుకుందని రాయి. మిగతాదానికి అట్టలో చోటు లేదు" అంది.