ఇంకోసారి తుడువు

మా మేనత్త పోయింది. క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఒకరోజు పొద్దున్నే కోదాడ నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదు" అన్నాడు. మిర్యాలగూడలో నేను పాఠాలు చెప్పే స్కూలుకు బయల్దేరుతున్నాను. గట్టిగా పిలిచి చూడమని చెప్పబోయి, ఆ గొంతు విని ఊరుకున్నాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ప్రభువు పిలుచుకున్నాడని సంఘంవాళ్లు అన్నారు. పిలుచుకునేవాడు పండగ అయ్యాక పిలుచుకోవచ్చు కదా అని నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

నేను వెళ్లేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టారు. పండగకని పెంచిన టర్కీ కోడి పెరట్లో కట్టేసి ఉంది. చప్పుడు గట్టిగా వినిపిస్తే బదులు కూయడం ఆ కోళ్లకు అలవాటు. ఆడవాళ్లు శోకం ఎత్తుకున్నప్పుడల్లా అదీ గొంతెత్తింది. దాన్ని అవతలికి తీసుకుపొమ్మని ఎవరో అన్నారు గానీ, ఎవరూ కదల్లేదు.

క్రిస్మస్‌కు మా ఇళ్లన్నిటిలో కోడిపులుసో బిర్యానీయో ఉంటుంది. టర్కీని ముక్కలు కొట్టకుండా నిండుగా నూనెలో వేయించడం మాత్రం అత్తవాళ్లింట్లోనే. మొదలుపెట్టింది మామ. ఆయన మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపేవాడు. ఎక్కడో విందులో ఆ వంట తిని వచ్చి, మన ఇంట్లోనూ చేద్దామన్నాడు. చివరికి ఆ వంటే ఆయన్ను తీసుకుపోయింది. ఒక క్రిస్మస్ నాడు అందరం ఆరాధనలో ఉన్నాం. అప్పటికి చిన్నవాడైన బావ పిల్లల నాటకంలో గొర్రెల కాపరి వేషం కట్టాడు. ఇంటి దగ్గర అత్త, మామ ఇద్దరే ఉన్నారు. నూనె పొంగి పొయ్యిలో పడింది, మంట లేచి తాటాకు పందిరికి అంటుకుంది. మామ సూర్యాపేట దవాఖానలో కొన్నాళ్లు బాధపడి పోయాడు. తాగి చేశాడు కాబట్టే అలా అయిందని ఊరు తేల్చేసింది. మామూలు రోజుల్లో ఆయన తాగేవాడే కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఇంట్లో ఇక ఆ వంట ఉండదనుకున్నాం. మరుసటి ఏడే అత్త నూనె కాచే పెద్ద బగోనె బయటికి తీసింది. నీకు మతి పోయిందా అని మా నాన్న చెల్లెలి మీద అరిచాడు. "నేను ఆపితే పోరగాండ్లు నాకు తెల్వకుంట ఏడనో చేస్తరు అన్నా. నా కండ్ల ముందల చేస్తే ఎట్ల చేయాల్నో నేర్చుకుంటరు" అంది ఆమె. నాన్న అలిగి తినకుండా వెళ్లిపోయాడు.

ఆమె పద్ధతి మాకందరికీ విసుగు తెప్పించేది. ముందురోజే ఖాళీ బగోనెలో కోడిని పెట్టి, అది మునిగేదాకా నీళ్లు పోసేది. కోడిని తీసేశాక నీళ్లు ఎంతవరకు దిగాయో చూసి అక్కడ గీత గీసేది. మర్నాడు నూనె ఆ గీత దాటకూడదు. బగోనెను ఎండలో బోర్లించేది. పొయ్యి ఎప్పుడూ ఆరుబయట, చదునైన నేల మీదే ఉండాలి, పైన చెట్టుకొమ్మ కూడా ఉండకూడదు. పక్కన ఇసుక బకెట్ ఉంటుంది. నీళ్ల బిందెలు మాత్రం ఆ ఛాయలకే రాకూడదు. కోడిని వెదురు కర్రకు కట్టిన కొక్కేనికి తగిలించి, కర్రకు చెరో కొసా పట్టుకుని నేనూ బావా దింపేవాళ్లం. దింపే ముందు గ్యాస్ ఆపాల్సిందే. మేం తొందరపడితే, "ఆకలైతే అన్నం తినుండ్రి, పొయ్యిని తొందర పెట్టకుండ్రి" అనేది.

అన్నిటికంటే తుడవడం. తీగ మీద ఆరేసిన పాత నూలు చీర ముక్కతో కోడిని పైన, రెక్కల కింద, పొట్ట లోపల తుడిపించేది. ఎండిందత్తా అంటే "ఇంకోసారి తుడువు" అనేది. వేలు లోపలికి పెట్టి చూసి, మళ్లీ "ఇంకోసారి" అనేది. ఇదేం చాదస్తమని బావా నేనూ చాటుగా నవ్వుకునేవాళ్లం.

పోయిన క్రిస్మస్‌కు నాకు నవ్వు ఆగిపోయింది. అందరూ లోపల తింటున్నారు. చల్లారుతున్న నూనె దగ్గర అత్త మూత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నూనె చల్లారేదాకా ఆమె లేవదు, పండగ పూట ఆమె వేడన్నం తినడం నేనెన్నడూ చూడలేదు. కంచం తీసుకుని వెళ్లాను. తీసుకోలేదు.

"మీ మామ ఆ దినం తాగలే బిడ్డా. ఆరబెట్టిన కోడిని మళ్ల పసుపు నీళ్లతోని కడిగింది నేను. ఎందుకే, వద్దన్నడు. నీసు వాసనొస్తే వచ్చినోళ్లు ఏమంటరో అని నేను ఇన్లే. పొట్టల నీళ్లు నిలిచినయ్. దింపంగనే నూనె పొంగింది. నన్ను అవతలికి నూకి, ఆయన మంటల పడ్డడు."

మరి ఊరు అన్న మాట సంగతేమిటని అడిగాను.

"కాదనలే. మా అత్త నన్ను బతకనియ్యదని భయపడ్డ. తర్వాత నా కొడుకు గూడ అదే నమ్మిండు. ఇగ చెప్పుడు నాతోని కాలే. నేను పోయినంక వానికి నువ్వు చెప్పు."

అంత తొందరగా చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. సమాధి తవ్వేవాళ్లు వచ్చి ఎక్కడ తవ్వాలని అడిగారు. మామ పక్కన చోటుంది. "ఆ తాగుబోతు పక్కన మా అమ్మను పెట్టను" అని బావ మొండికేశాడు. పాస్టర్ గారు చెప్పినా వినలేదు. బావను పెరట్లోకి తీసుకెళ్లి, అత్త చెప్పింది చెప్పినట్టు చెప్పాను. బావ మెట్టు మీద కూర్చున్నాడు. 

"పెద్దగైనంక ఒక్కసారి గూడ ఆయన సమాధి కాడికి పోలే నేను" అన్నాడు. తల్లిని ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి మామ పక్కనే తవ్వమని చెప్పాడు.

అత్తకు స్నానం చేయించాక తీగ మీది ఆ చీర ముక్కతోనే ఒళ్లు తుడిచాను. ఆమె చేతుల్లో ఎన్నో బరువులు చూశాను గానీ, ఈ బరువు చూడలేదు. దాన్ని మోస్తూనే మమ్మల్నందరినీ కాపాడింది. అందుకు రుణపడి ఉన్నాను. ఇంతకాలం మామ మీద అబద్ధం నిలవనిచ్చినందుకు ఆమె మీద కోపమూ ఉంది. రెండూ నిజమే. మామ ఆ రోజు తాగలేదని ఆయన్ను ఎరిగిన మీకందరికీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మట్టి వేసి అందరూ వెళ్లిపోయారు. బావ కదల్లేదు. నీళ్లు తెచ్చి మామ సమాధి రాయి మీది దుమ్మూ పాచీ కడిగాడు. ఆ చీర ముక్క ఎప్పుడు తెచ్చుకున్నాడో, భుజం మీంచి తీసి రాయిని తుడిచాడు. చెక్కిన పేరులో నీళ్లు నిలిచాయి. గుడ్డ కొసను వేలికి చుట్టి ఒక్కో అక్షరంలోనూ తిప్పాడు.

"ఎండింది బావా, పోదాం" అన్నాను.

"ఇంకోసారి" అని, మళ్లీ మొదటి అక్షరం దగ్గర వేలు పెట్టాడు.