సార్ ఎడమ కాలు

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కోదాడ బైపాస్ మీద ఒక నర్సమ్మకు కారు నేర్పుతున్నాను. చేసింది మిర్యాలగూడ మెకానిక్ అన్న. "చెల్లె, సార్ అయిపోయిండు. సూర్యాపేట దవాఖానలనే, తెల్లారంగ" అన్నాడు. బండి పక్కకు ఆపమని నర్సమ్మకు చెప్పాను. ఆమె ఇండికేటర్ వేయకుండానే పక్కకు తీసింది. "ఎనకొచ్చేటోనికి నీ మనసుల ఏమున్నదో కలొస్తదా?" అని అరిచాను. అది నా తిట్టు కాదు, సార్ తిట్టు. ఆయన నోటి నుంచి నేను తిని తిని అరిగించుకున్నది. అది నా నోట్లోంచి వచ్చాకే నాకు ఏడుపొచ్చింది. పాపం నర్సమ్మ, తన తప్పుకే నేనంతగా ఏడుస్తున్నాననుకుని సారీ చెప్పింది.

కోదాడలో కారు నేర్చుకున్న మీలో చాలామంది ఆయన తిట్లు తినే ఉంటారు. ఆ సాయంత్రం మా డ్రైవింగ్ స్కూల్ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మల మధ్య ఒకరు ఇలా రాశారు: "ఈపాటికి యముడి పక్క సీట్లో కూర్చుని, దున్నపోతును సరిగ్గా తోలమని తిడుతుంటాడు." నవ్వు బొమ్మలు బోలెడు వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి నవ్వు కూడా వచ్చింది. పోయినవాళ్లందరినీ దేవుళ్లను చేయడం మనకు అలవాటు. సార్ విషయంలో అది నా వల్ల కాదు. ఆయన మంచి మనిషి కాదు. కానీ నాకు దొరికిన గురువు ఆయనే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. డ్రైవింగ్ స్కూల్ కారులో ఎడమ సీటు దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కుడివైపు స్టీరింగ్ దగ్గర, నేర్పేవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. అప్పట్లో మా స్కూల్లో ఆ ఎడమ సీటులో సార్ తప్ప ఇంకొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు. అద్దం చూడకుండా లేన్ మారితే, కారు ఆపించి దింపేవారు. వాళ్లను రోడ్డు మీద కాలినడకన ముందు నడిపించి, వెనక తాను కారులో హారన్ కొడుతూ వచ్చేవారు. "ఇప్పుడు తెలిసిందా, ఎనక బండి ఉంటే ఎట్లుంటదో?" అనేవారు. రిటైరైన ఒక పెద్దాయన బస్టాండు ముందు అలా నడుస్తూ కళ్లు తుడుచుకోవడం నేను కళ్లారా చూశాను. "భయపడేటోళ్లు బస్సెక్కుండ్రి, నా కారెందుకు?" అనేది ఇంకో మాట. దాన్ని రోజుకొకసారైనా అనకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు.

టీలో చక్కెర వద్దనేవారు. ఆ చప్పిడి టీలోనే తీపి బిస్కెట్లు ముంచుకుని తినేవారు. "సుగర్ ఉన్నది సార్ మీకు" అంటే, "అది టీ తోని వచ్చింది, బిస్కెట్ తోని కాదు" అనేవారు. ఎక్కడికెళ్లినా చేతిరుమాలుతో అద్దాలు తుడిచేవారు. సొంత కారువే కాదు, రోడ్డు పక్కన ఆపి ఉన్న ఎవరి కారువైనా తుడిచేవారు. ఆ కారువాళ్లు చూసి నమస్కారం పెడితే, "నీకోసం తుడ్వలే, రోడ్డు మీది జనం కోసం తుడ్సిన" అని వాళ్ల మొహం మీదే అనేవారు.

మాది నిడమనూరు దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. పెళ్లయి కోదాడ వచ్చాక సార్ స్కూల్లో ఫోన్లు ఎత్తడానికి, టీ పెట్టడానికి కుదిరాను. మధ్యాహ్నాలు కారు ఖాళీగా ఉంటే నాకూ నేర్పారు, అవే తిట్లతో. లైసెన్సు వచ్చింది. నేర్పేది ఆడమనిషైతే చేరేవాళ్లమని ఎందరో ఆడవాళ్లు నా టేబుల్ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవాళ్లు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"సార్, ఎడమ సీట్ల నేను కూసుంట. ఆడోళ్లకు నేను నేర్పుత."

"గొర్లను తోలుడు కాదు పిల్లా."

"మా నాయిన గొర్రెను గూడ కొట్టడు సార్. మీరు మనుషులను కొట్టినంత పని జేస్తరు."

ఆ రోజు టీ ముట్టకుండా వెళ్లిపోయారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. మర్నాడు మామూలుగానే వచ్చి, టీ చల్లారిందని తిట్టారు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, కోదాడలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లు కొందరు మఠంపల్లి వైపు సున్నపురాయి తవ్వి వదిలేసిన నేలలో కారు పందెం పెట్టారు. వేగం పందెం కాదు, ఓర్పు పందెం. పాత కార్లు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ గుంతల చుట్టూ తిరుగుతూనే ఉండాలి. చెడిపోతే అక్కడికక్కడే బాగు చేసుకోవచ్చు. మైదానం దాటి బయటికి తీసుకెళ్తే పోటీలోంచి పోయినట్టే. ఆఖరి విజిల్ తర్వాత సొంత ఇంజన్ మీద గీత దాటిన బండే పందెం పూర్తి చేసినట్టు లెక్క. సార్ మా స్కూల్ కారు పేరు ఇచ్చి వచ్చారు. ఊళ్లో అందరూ దాన్ని డబ్బా అంటున్నారని ఆయన కడుపులో ఉంది.

నాతో అన్నారు: "ఆఖరి గీత స్టీరింగ్ మీద నువ్వుండి దాటియ్యి. తెల్లారే ఎడమ సీటు నీది. దాటియ్యకపోతే ఇగ జన్మల అడగకు. టీ పెట్టుకుంట ఉండు."

సరే అన్నాను.

మైదానంలోకి వెళ్తుంటే కుర్రాళ్లు మా కారు మీది స్కూల్ బోర్డు, ముందు ఎర్రటి ఎల్ అక్షరం చూసి పడీపడీ నవ్వారు. ఒకడు వంగి సార్‌ని అడిగాడు: "అంకుల్, ఇది ఒక్క రౌండైనా తిరుగుద్దా? ఎల్ బోర్డన్నా పీకెయ్యండి." సార్ అద్దం తుడుచుకుంటూ, "పీకను బిడ్డా. సాయంత్రందాక ఉండు, నువ్వు గూడ నేర్చుకుంటవ్" అన్నారు. వాళ్లు ఇంకా నవ్వారు.

నవ్వినందుకు తగ్గట్టే అయింది. ఎండ ఎక్కకముందే రేడియేటర్ కారడం మొదలైంది. మా కారు బాగు చేసేందుకు వచ్చిన మిర్యాలగూడ మెకానిక్ అన్న, చిల్లు పూడుతుందని పసుపు పొట్లం విప్పి అందులో కుమ్మరించాడు. కాస్త ఆగింది, తర్వాత మూత సందులోంచి పచ్చటి ఆవిరి లేచింది. "మీ కారుకు పెళ్లా అంకుల్, నలుగు పెడుతున్నారా?" అని పక్క కారు వాళ్లు కేకలేశారు. తర్వాత సైలెన్సర్ ఊడి పడింది. దాన్ని ఇనుప తీగతో కట్టాం. సార్, మెకానిక్ అన్న, నేను వంతులవారీగా నడుపుతూ పోయాం. మాకంటే కొత్త కార్లు ఒక్కొక్కటే పొగలు కక్కి పక్కకు తప్పుకుంటుంటే, నాలో ఆశ పెరిగింది. ఆశ పెరిగినకొద్దీ భయమూ పెరిగింది.

మధ్యాహ్నం దాటాక నేను స్టీరింగ్ మీద ఉన్నప్పుడు క్లచ్ పెడల్ విరిగింది. కాలు పెట్టే రేకు తెగి నా చెప్పు కింద పడింది. పైన మొండిగా కాస్త ముక్క మిగిలింది. చదును నేలైతే ఒకే గేర్లో లాగించొచ్చు. కానీ అక్కడ ప్రతి రౌండులోనూ గుంతలోకి దిగి మళ్లీ ఎగువకు ఎక్కాలి. వెల్డింగ్ చేయాలంటే హుజూర్‌నగర్ పోవాలి, పోతే పందెం పోతుంది. నేను స్టీరింగ్ మీద తల ఆనించాను. నా సీటు పోయిందనే ఏడ్చాను, కారు గురించి కాదు.

మెకానిక్ అన్న కిందికి దూరి చూశాడు. "ఎడమదిక్కు పెడల్ తీగ పై ముక్కకే ఉన్నది సార్. అది పనిజేస్తది" అన్నాడు.

సార్ వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నారు. "ఏడుపు ఆపు. నేను తొక్కంగనే నువ్వు గేర్ మార్చు. నోరు తెర్వకు" అన్నారు.

ఇక ఆ మధ్యాహ్నమంతా ఒకే కారును ఇద్దరం నడిపాం. ఇంజన్ మోత విని ఆయన క్లచ్ తొక్కేవారు, ఆ క్షణంలో నేను గేర్ వేయాలి. రెప్పపాటు ఆలస్యమైతే కారు కుదిపేసేది, తిట్టు పడేది. నా నడక, నా పుట్టుక, మా అత్తగారు నన్ను కోరి తెచ్చుకున్న తెలివి, దేన్నీ వదల్లేదు. నేనూ ఊరుకోలేదు, నోటికొచ్చింది అన్నాను. దుమ్ము లోపలికి కొట్టి ఇద్దరి మొహాలూ సున్నం కొట్టినట్టు అయ్యాయి. కొన్ని రౌండ్ల తర్వాత తిట్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆయన కాలు, నా చెయ్యి ఒక్క మనిషివే అన్నట్టు పోతున్నాయి. నా బతుకులో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ. అది దాచుకోవడం నాకిష్టం లేదు, తర్వాత ఏం జరిగినా సరే.

విజిల్ పడింది. గీత దాటాం. ఎన్నో స్థానం వచ్చిందో కూడా నేను అడగలేదు. పొద్దున నవ్విన కుర్రాడే చప్పట్లు కొట్టాడు. కారు దిగి గట్టిగా అరిచాను. సార్ దిగలేదు. "బూటు గుంజు" అన్నారు మెకానిక్ అన్నతో. బూటులో నెత్తురు నిండి ఉంది. మేజోడు మాంసానికి అతుక్కుని రాలేదు.

ఆయన ఎడమ అరికాల్లో చిన్న పుండు ఉందట. పందెమని ఇంట్లో చెప్పకుండా, ఎన్నడూ వేసుకోని బూట్లు వేసుకుని వచ్చారట. మాకూ చెప్పలేదు. సుగర్ వల్ల ఆ కాలికి స్పర్శ ఎప్పుడో పోయింది. నొప్పి పుట్టి ఉంటే ఆపేవారేమో. నొప్పి పుట్టలేదు, అంతే. నేను పక్కనే కూర్చుని, ఆ కాలు ఎంత చక్కగా తొక్కుతోందా అని మురిసిపోయాను.

మర్నాడు ఆయన మాట తప్పలేదు. తప్పడానికి ఆయన కోదాడలో లేరు, సూర్యాపేటలో మంచం మీద ఉన్నారు. స్కూల్ తెరవాలి, ఎవరో ఒకరు నేర్పాలి. నేను వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాను. దవాఖానలో ముందు ఆయన ఆ కాలి వేళ్లు తీశారు. తర్వాత మోకాలి కిందికి తీసేశారు. చూడటానికి వెళ్తే, సార్ భార్య వరండాలోనే నన్ను ఆపారు. మేమంతా ఆమెను అమ్మ అని పిలుస్తాం. ఎప్పుడు వెళ్లినా అన్నం పెట్టకుండా పంపని మనిషి. "నీకు సీటు దొరికింది గదనే. నా మనిషికి కాలు పోయింది. సంబురమేనా?" అన్నారు. వరండాలో మంచాల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. ఆయనకు గీత కావాలి, నాకు సీటు కావాలి. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

లోపలికి వెళ్లాక సార్ అడిగింది ఒక్కటే. "అద్దాలు తుడుస్తున్నవా?"

చాలా నెలలకు, ఆయన కిడ్నీలు పూర్తిగా చెడకముందు, ఒక పొద్దున అమ్మ ఆయన్ను ఆటోలో స్కూల్ దగ్గరికి తీసుకొచ్చారు. చంకల కింద కర్రలతో దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, స్టీరింగ్ వైపు తలుపు తీసి కూర్చున్నారు. నడుపుతానని అడగలేదు. కాలువ కట్ట మీదికి పోదామన్నారు. "క్లచ్ నువ్వు తొక్కు. కడమది నేను సూస్కుంట" అన్నారు. అమ్మ మాట్లాడకుండా వెనక కూర్చున్నారు. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ ఆయన కుడి కాలు, క్లచ్‌కు నా కాలు.

కట్ట మీద కాస్త దూరం బాగానే వెళ్లాం. ఆయన మొహంలో పాత పొగరు వచ్చింది. మలుపు దగ్గర నాకు ఏమీ చెప్పకుండా గేర్ లాగారు. పళ్లు కొరికినట్టు చప్పుడై కారు ఎగిరి ఆగిపోయింది.

"క్లచ్ తొక్కిన గదా!" అన్నారు. "పూరాగ తొక్కిన. ఏమైంది దీనికి?"

కిందికి చూశాను. ఆయన ఎడమ తొడ బిగుసుకుని ఉంది. మడిచి పిన్ను పెట్టిన ప్యాంటు ముందుకు వచ్చి గాలిలో ఆనుకుని ఉంది, నిజంగానే తొక్కుతున్నట్టు. అమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు.

అవును సార్, తొక్కారు, తప్పు బండిదే అనాలని నోటిదాకా వచ్చింది. అమ్మ నన్ను ఆ మాటే అనమని మనసులో మొక్కుతుండవచ్చు. కానీ అబద్ధం చెప్పి నేర్పడం ఆయన నాకు నేర్పలేదు.

"మీకు ఎడమ కాలు లేదు సార్" అన్నాను. "కాలు నాది. నేను ఊ అన్నంకనే గేర్ వెయ్యాలె."

"ఏందే ఆ మాట, నీకు నోరెట్లొచ్చింది!" అని అమ్మ వెనక నుంచి నా భుజం పట్టి లాగారు.

సార్ నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఎగిరిన తొడను రెండు చేతులతో పట్టి మెల్లగా సీటు మీదికి దించుకున్నారు. తాళం తిప్పారు. ఇంజన్ అందుకుంది. గేర్ రాడ్ మీద చెయ్యి వేశారు. నా వైపు చూడలేదు, ముందున్న ఖాళీ కట్టనే చూస్తూ, నేను ఊ అనేదాకా అలాగే ఆగి ఉన్నారు.