ఏడెనిమిదులు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా బడిలో ఎక్కాల భాష మారిపోయింది. అప్పటిదాకా ఉర్దూలో చదువుకున్నాం. నిజాం రాజ్యం పోయిన తర్వాత, ఇకనుంచి చదువు తెలుగులోనే అని పైనుంచి హుకుం వచ్చింది. మాది మంథని దారిలో గోదావరికి దగ్గరి ఊరు. రాజ్యం మారిన సంగతి మా ఊరి పెద్దవాళ్ళకు రకరకాలుగా తెలిసి ఉంటుంది. నాకు మాత్రం ఎక్కాలు మారినప్పుడే తెలిసింది. నిన్నటిదాకా 'దో దూనీ చార్' అని ఊగుతూ చెప్పిన పిల్లలం, 'రెండు రెళ్ళు నాలుగు' అనడం మొదలుపెట్టాం.

నేను అప్పుడు మూడో తరగతి. తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. నేనొకదాన్ని, మా పక్కింటి పిల్ల ఇంకొకతి. వాళ్ళు ముసల్మానులు. ఆ పిల్ల నానమ్మ గంపలో గాజులు పెట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేది. ఆమెను వాడంతా దాదీ అనే పిలిచేవాళ్ళం. ఆ పిల్లకు తల్లి లేదు. తండ్రి నిజాం రాజ్యం పోయిన గడబిడ రోజుల్లో ఒకనాడు ఇల్లు వదిలి పోయాడు, మళ్ళీ రాలేదు. ఉన్నాడో లేడో కూడా ఎవరికీ తెలియదు. వాళ్ళ ముందర ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

లెక్కల్లో ఆ పిల్ల నాకంటే ఎంతో ముందు. దాదీ గాజులను డజను డజనుగా దారానికి గుచ్చి పెట్టేది కాబట్టి, పన్నెండో ఎక్కం ఆ పిల్లకు బడికి రాకముందే వచ్చు. నాకూ ఎక్కాలు వచ్చేవి కానీ పాట వచ్చినట్టు వచ్చేవి. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి అందుకోవలసిందే. ఒకరోజు వాళ్ళ గడప మీద కూర్చొని, పగిలిన గాజు ముక్కలు పన్నెండేసి చొప్పున కుప్పలు పోసి చూపించింది. ఐదు కుప్పలు ఎంతో తెలిస్తే ఏడు కుప్పలకు మొదటికి పోవడం ఎందుకు, ఇంకో రెండు కుప్పలు కలుపుకుంటే చాలు కదా అంది. గుణకారం అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ గడప మీదనే. తర్వాత ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. అంతకంటే తేలికగా చెప్పే దారి నాకు దొరకలేదు.

పాత సారు ఆ పిల్లను ముందర నిలబెట్టి ఎక్కాలు చెప్పించేవాడు. ఆమె ఒక్కొక్కటే అంటే మేమంతా వెనక అనేవాళ్ళం. నాకు ఆమె అంటే ఇష్టం. ఆ ముందర నిలబడే చోటంటే అంతకంటే ఇష్టం. ఈ రెండోది నేను అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

కొత్త సారు వచ్చాక ఆ చోటు ఖాళీ అయింది. ఆయన పాఠం బాగానే చెప్పేవాడు. చింతగింజలతో కూడికలు, తీసివేతలు చేయించేవాడు. కానీ ఎక్కాలకు ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒకరిని లేపి అడుగుతాడు. మూడు అంకెలు లెక్కపెట్టేలోపల జవాబు చెప్పాలి. చెప్పకపోతే పక్కవాళ్ళను అడుగుతాడు. పక్కవాళ్ళు చెబితే, చెప్పినవాళ్ళు ఎడమచేత్తో చెప్పనివాళ్ళ ముక్కు పట్టుకొని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. మగపిల్లలు ఆడపిల్లలను ముట్టుకోవద్దు కాబట్టి మా ఇద్దరినీ జత చేశాడు. ఆమెకు రాకపోతే నేను కొట్టాలి, నాకు రాకపోతే ఆమె కొట్టాలి.

ఆమెకు ఒక్కసారి కూడా నన్ను కొట్టే పని పడలేదు. జవాబు అందనిది ఎప్పుడూ ఆమెకే. తెలుగు రాక కాదు. మాతో రోజంతా మాట్లాడేది తెలుగే. అంకెలు మాత్రం ఆమె తలలో ఉర్దూలోనే ఉన్నాయి. సారు అడగంగానే జవాబు అక్కడ తయారయ్యేది. దాన్ని తెలుగులోకి తెచ్చుకునేసరికి సారు మూడు అనేవాడు. అరవైకి, ఎనభైకి తికమక పడేది. పెదవులు కదులుతుండేవి, మాట వచ్చేది కాదు.

మొదటి రోజుల్లో నేను ఉత్తుత్తగా కొట్టేదాన్ని. ఇద్దరం తలలు వంచుకొని లోపల లోపల నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు సారు అది కనిపెట్టాడు. "గిది కొట్టుడా, నిమురుడా? ఎట్ల కొట్టాల్నో నేను జూపిస్త" అని నా ముక్కు పట్టుకొని చెంప మీద ఒకటి ఇచ్చాడు. కళ్ళ ముందు నల్లబడింది. పిల్లలంతా నవ్వారు. మళ్ళీ కొట్టమన్నాడు. ఈసారి గట్టిగానే కొట్టాను.

ఆ తర్వాత రోజులదీ చెప్పాలి. భయంతోనే కొట్టానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మొదటి రెండు మూడు రోజులు అది నిజమే. తర్వాత కాదు. నేను కొట్టినప్పుడల్లా సారు "శబాష్" అనేవాడు. ఎక్కాలు చెప్పించడానికి నన్నే ముందర నిలబెట్టేవాడు. పొద్దున బడికి పోతూ, ఈ రోజు కూడా ఆమెకు రాకపోతే బాగుండు అనుకున్న రోజులున్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత ఆశ ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

బడినుంచి వచ్చేటప్పుడు ఆమె నాతోనే నడిచేది. కొట్టిన సంగతి ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు. కానీ సాయంత్రాలు గడప మీదికి రావడం మానేసింది. ఇంట్లో గోడవైపు తిరిగి తెలుగు ఎక్కాలు చదువుకునేది. మా ఇంట్లోకి వినపడేది.

ఆ రోజు ఏడో ఎక్కం. సారు ఆమెను లేపి ఏడెనిమిదులు ఎంత అని అడిగాడు. ఒకటి అన్నాడు. ఆమె పెదవులు కదిలాయి. రెండు అన్నాడు. మూడు అనేలోపల ఆమె నోట్లోంచి "ఛప్పన్" అని వచ్చేసింది.

 అక్కడున్న ప్రతి పిల్లవాడూ రెండేళ్ళు ఉర్దూలో ఎక్కాలు చదివినవాడే. ఛప్పన్ అంటే ఎంతో అందరికీ తెలుసు. సారు నావైపు తిరిగాడు. నేను లేచి యాభై ఆరు అన్నాను.

ఆమె సారువైపు చూడలేదు. నన్ను చూసి మెల్లగా అంది. "రెండు ఒక్కటే గదనే. నువ్వన్న సారుకు జెప్పవే."

సారు ఆ మాట విన్నాడు. కోపం చేయలేదు. నన్నే అడిగాడు. "ఒక్కటేనా? నీకు దెల్సా?"

మా బాపు దర్జీ. కరీంనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నవాడు. కొలతలన్నీ ఉర్దూలోనే అనేవాడు. ఆయన టేపు పట్టుకొని చెబుతుంటే ప్రతి సాయంత్రం పలక మీద అంకెలు రాసిపెట్టేది నేనే. అసలు నాకు తెలియకుండా ఉండే వీలే లేదు.

"నాకు దెల్వది సార్" అన్నాను.

సారు కొట్టమని తల ఊపాడు. నేను ఆమె ముక్కు పట్టుకొని కొట్టాను. ఎప్పటికంటే గట్టిగా కొట్టాను, ఆమె ఇంకేమీ అనకుండా ఉండాలని. ఆమె చెవి అంచుకు చిన్న చిన్న వెండి రింగులు ఉండేవి. నా వేలు వాటిలో ఒకదానికి తట్టుకొని చెవి తెగింది. మెడ మీదికి రక్తం కారింది. ఆమె చెవి పట్టుకోలేదు, ఏడవలేదు. పలక తీసుకొని బయటికి నడిచింది. సారు ఆగమన్నా ఆగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి, ఈ రోజు కూడా నేనే ఫస్టు అని బాపుకు చెప్పాను. ఆయన మిషన్ తొక్కుతున్నాడు. మిషన్ ఆపకుండానే, పక్కింటి పిల్ల మధ్యాహ్నమే ఎందుకు వచ్చిందని అడిగాడు. జవాబు తప్పు చెప్పింది, నెల రోజులనుంచి కొట్టినట్టే ఈ రోజూ కొట్టాను అన్నాను. ఏమని చెప్పింది అని అడిగాడు. ఛప్పన్ అన్నదని చెప్పాను. మిషన్ ఆగింది.

బాపు నన్ను దగ్గరికి పిలిచి తన ముందు నిలబెట్టుకున్నాడు. అంతవరకు ఆయన నా మీద చెయ్యి ఎత్తిన గుర్తు లేదు. ఏడెనిమిదులు ఎంత అని అడిగాడు. యాభై ఆరు అన్నాను. చెంప మీద కొట్టాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ అదే అడిగాడు. ఆయన కొలతల భాషలో చెప్పాలేమో అనుకొని ఛప్పన్ అన్నాను. ఇంకో చెంప మీద కొట్టాడు. అవ్వ, కన్నతల్లి కదా, వంటింట్లోంచి ఉరికి వచ్చి అడ్డం పడబోతే చేత్తో ఆపాడు. మూడోసారి అడిగాడు. నేను నోరు తెరవలేదు. తెరవనందుకు కొట్టాడు. నాలుగోసారి అడిగేసరికి, ఏం చెప్పమంటావు బాపూ అని ఏడ్చాను.

"ఏం జెప్పినా పడ్తది" అన్నాడు. "ఆ పిల్లకు నెల రోజుల సంది గిట్లనే ఉన్నది."

 నా చేయి పట్టుకొని పక్కింటికి తీసుకుపోయాడు. దాదీ ఆమెను ఒడిలో పడుకోబెట్టుకొని చెవికి పసుపు అద్దుతున్నది. బాపు నేను చేసిందంతా దాదీకి చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. తర్వాత నన్ను ముందుకు నెట్టి, ఎన్ని దెబ్బలు పడ్డాయో అన్నీ తిరిగి కొట్టమని ఆ పిల్లతో అన్నాడు. దాదీ వద్దంది. పిల్లలు పిల్లలే, పొద్దున కొట్టుకుంటారు, మాపు కలుస్తారు అంది. ఆమె నన్ను కాపాడుతుందని నాకు ధైర్యం వచ్చింది.

ఆ పిల్ల లేచి నా ముందుకు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే నా మొఖంలోకి చూస్తూ నిలబడి ఉంది.

"నీకు దెల్సు గదా?" అని అడిగింది.

తెలుసని తల ఊపాను. ఆమె లోపలికి పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. బాపు ఎంత పిలిచినా మళ్ళీ బయటికి రాలేదు.

మర్నాడు బాపు నాతో బడికి వచ్చాడు. సారుకు దండం పెట్టి, రెండు జవాబులూ ఒక్కటే అని తరగతి ముందర నాతో చెప్పించాడు. పిల్లలందరి ముందు చెప్పాను. సారు నవ్వాడు. ఆయన అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. "నాకు దెల్వదా? నేను సుత గా భాషలనే మెట్రిక్ పాసైన. భయం లేకుంటే ఆమెకు తెలుగెట్లొస్తది?"

ఆయనకు తెలుసు. పిల్లలకు తెలుసు. నాకు తెలుసు. తన జవాబు సరైనదని ఆమెకూ తెలుసు. ఒక గది నిండా తెలిసినవాళ్ళు కూర్చొని ఆ దెబ్బ పడనిచ్చాం. బాపు టోపీ చేతిలో పట్టుకొని వెళ్ళిపోయాడు. అంత చిన్నగా ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. ఆయన పోయాక సారు, తండ్రిని పిలుచుకొచ్చినందుకు నన్ను సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టాడు.

ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. వారం రోజులకు చెవి మానింది కానీ దాదీ ఆమెను బడికి పంపలేదు, గాజుల గంపతో తన వెంట తిప్పుకుంది. నేను రోజూ వాళ్ళ గడప దగ్గరికి పోయి నిలబడేదాన్ని. దాదీ పలకరించేది, చేతిలో బెల్లం ముక్క పెట్టేది. ఆ పిల్ల మాత్రం నేను వస్తే లోపలికి పోయేది. వానలు పడకముందే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి నిర్మల్ దిక్కు చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు. బండి ఎక్కేటప్పుడు బాపు ఆ పిల్లకు కొత్త కుర్తా కుట్టి ఇచ్చాడు. తీసుకుంది. నావైపు చూడలేదు.

బడిలో నాకు జత లేకుండా పోయింది. తప్పు చెప్పిన రోజు సారే కొట్టేవాడు. ముందర నిలబడే చోటు ఇంకొక పిల్లవాడికి పోయింది. అందుకు నాకు ఏడుపు రాలేదు.

పెద్దయ్యాక నేనూ పంతులమ్మనయ్యాను. ఆదిలాబాద్ అడవి ఊళ్ళలో పనిచేసినప్పుడు, గోండు పిల్లలు జవాబు వాళ్ళ మాటలో చెబితే, నాకు అర్థం కాకపోతే వేళ్ళ మీద చూపించమనేదాన్ని. ఒక పిల్ల చేత్తో ఇంకో పిల్లను నా తరగతిలో ఎన్నడూ కొట్టించలేదు. దీనికి నన్ను మంచి టీచరని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అసలు సంగతి తెలియదు. ఉద్యోగంలో ఉండగా రెండుసార్లు నిర్మల్ పోయి గాజులవాళ్ళ గల్లీల్లో ఆమె గురించి అడిగాను. దాదీని ఎరిగినవాళ్ళు ఒకరిద్దరు కనిపించారు. దాదీ పోయిందట. మనుమరాలి సంగతి ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, కనబడితే ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. క్షమించమని అడగడానికి పోలేదు. ఆమె ఆ తర్వాత ఏమైనా చదువుకుందా లేదా, అది ఒక్కటి తెలిస్తే చాలనుకున్నాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటింది. బాపు కొట్టిన దెబ్బలు ఆ రాత్రికే తగ్గిపోయాయి. 'నీకు దెల్సు గదా' అని ఆమె అడిగిన మాట తగ్గలేదు. ఆ తర్వాత బతుకులో ఎన్నోచోట్ల, ఒక మనిషి మీద తప్పు మోపి, పక్కన ఉన్నాను కాబట్టి నావైపు తిరిగి నీకు తెలుసా అని అడిగినవాళ్ళున్నారు. అడిగినవాళ్ళు చాలావరకు నాకంటే పెద్దవాళ్ళే, పైవాళ్ళే.  కొన్నిసార్లు తెలుసని చెప్పాను. చెప్పి నష్టపోయాను కూడా. కొన్నిసార్లు నోరు రాలేదు. నోరు రాని ప్రతిసారీ ఇంటికి వచ్చి, గోడవైపు తిరిగి పడుకొని, తెల్లారి లేచి ఆ మనిషి దగ్గరికి పోయి నాకు తెలుసని చెప్పాను. అప్పటికి ఆలస్యమైపోయిందని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా పోతాను.