ఆర్కిటిక్ పీపాకు బొట్టు

ఆ రోజుల్లో నాకు ఉత్తర ధ్రువం ఎక్కడుందో తెలియదు గాని, దానికి దారి మాత్రం బహ్రెయిన్‌లో నువైద్రాత్ పక్కనున్న మా ఐసు ఫ్యాక్టరీ మీదుగానే పోతుందని గట్టి నమ్మకం. ఎందుకంటే ఆర్కిటిక్ సముద్రంలో కొట్టుకుపోయే మంచుగడ్డల మీద నిలబెట్టి చలీ వెలుతురూ కొలిచే పసుపురంగు పీపా ఒకటి, ఓడెక్కే ముందు పరీక్షకని మా చలిగదికే వచ్చింది. బయట ఎండకు చెప్పులు రోడ్డుకు అంటుకుంటుంటే, లోపల నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని సగం శాస్త్రవేత్తనైపోయాను. తొట్టిలో తేలే మంచుగడ్డకు బొక్క పెట్టి, థర్మామీటర్ల గొలుసు కిందికి దించి, పైన పీపాను నిలబెట్టడం నా డ్యూటీ. తర్వాత గడ్డ కదలాలి కదా? అక్కడ గాలీ సముద్రమూ కలిసి చేసే పనిని ఇక్కడ నేనొక్కణ్నే కర్రతో చేశాను (ఓవర్‌టైం లేకుండా). ఇంటికి ఫోన్ చేసి ఆర్కిటిక్ పని చేస్తున్నానంటే, అమ్మ "అది దుబాయిల ఏ దిక్కున్నది బిడ్డా?" అంది.

పీపా పైభాగాన ఒక గాజుకన్ను ఉండేది. గదిలో దీపాలు వేస్తే పగలు, ఆర్పితే రాత్రి. ఎంత వెలుతురుందో అది కంప్యూటర్‌కు చెప్పాలి. రెండు రోజులైనా చెప్పింది ఒకటే మాట: చీకటి. గడ్డం సారు (పేరు నోరు తిరగక, పీపాతో వచ్చిన శాస్త్రవేత్తకు మేం పెట్టుకున్న పేరు) వైర్లు మార్చాడు, బల్బులు మార్చాడు, చివరికి తల పట్టుకున్నాడు. మా సూపర్‌వైజర్ యల్లాభాయ్ (నోరు తెరిస్తే 'యల్లా', అంటే అరబ్బీలో 'పద పద', అనేవాడు) మాత్రం తప్పు నాదేనని మొదటి గంటలోనే తేల్చేశాడు. "గురువార్ కో జహాజ్ జాతా హై. మిషిన్ నహీ గయా తో తుమ్ భీ ఖలాస్!" అన్నాడు. అంటే పీపా ఓడెక్కకపోతే నేను విమానం ఎక్కాలి. వచ్చి ఏడాదైనా కాలేదు, నిజంగానే భయమేసింది.

"ఏమేం చేసినవో మొదటికెల్లి చెప్పు" అన్నాడు క్యాంపులో నా గదిలోనే ఉండే మా బావ, రాత్రి అన్నం కలుపుకుంటూ. చెప్పాను. బొక్క, గొలుసు, పీపా, బొట్టు.

"బొట్టేంది?"

"కొత్త మిషినాయె బావా, బొట్టు పెట్టకుండ ఎట్ల నడుపుతరు? అమ్మ ఇచ్చిన కుంకుమే. రాలిపోవద్దని నూనెల కలిపి పెట్టిన."

"యాడ పెట్టినవ్?"

"నొసట్ల. గా గాజుబిళ్ల మీద, సక్కగ."

బావ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "దాని కన్ను మూసినవ్ గదరా!"

పొద్దున్నే పోయి, స్వెట్టరు చేతితో తుడిచాను. కంప్యూటర్‌లో తెల్లారింది. ఆ ఎర్రచుక్కను గడ్డం సారు పీపా చేసిన కంపెనీవాళ్లు బిగించిన ఎర్రద్దం అనుకున్నాడట, యల్లాభాయ్ గడ్డం సారే పెట్టాడనుకున్నాడట. పెద్దవాళ్ల పనేమోనని ఎవరూ ముట్టుకోలేదు. సంగతి తెలిశాక గడ్డం సారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, పీపా పొట్ట మీద వేలు పెట్టి, బొట్టు ఇక్కడ పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. గురువారం ఓడ పీపాతోనే కదిలింది.

ఇప్పుడు సూపర్‌వైజర్ని నేనే, యల్లా అనే డ్యూటీ కూడా నాదే. కొత్త మిషిను వస్తే ముందు దాని కన్నెక్కడుందో వెతికి, తర్వాతే కుంకుమ పొట్లం విప్పుతాను. గడ్డం సారు పంపిన ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది: కనుచూపుమేర మంచు, నడుమ పసుపు పీపా. అక్కడికి పోలేకపోయానని కొంచెం బెంగగానే ఉంటుంది. సెలవుకు పోయినప్పుడల్లా అమ్మ ఆ ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "అంత మంచిగనే ఉన్నది గని, నువ్వు యాడున్నవ్ బిడ్డా?" అంటుంది. నేను రెండు వేళ్లతో పీపా పొట్టను పెద్దది చేసి, ఆమె ఇచ్చిన కుంకుమను చూపిస్తాను.