పసుపు ఉడికే రోజుల్లో

ఆ రోజంతా మెట్‌పల్లి చుట్టుపక్కల పసుపు చేలు చూశాను. కొమ్ములు తవ్వేవాళ్లు, పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవాళ్లు, ఆరబోసేవాళ్లు, అందరూ నిలువెల్లా పచ్చగా ఉన్నారు. సాయంత్రం కరీంనగర్ బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. అతని ఒళ్లో ఆరేళ్ల కూతురు మెడ వాల్చేసి పడుకుంది. ఒకసారి కళ్లు తెరిచింది. తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉంది.

కామెర్లు! నాకు కోపం ముంచుకొచ్చింది. "ఇన్నాళ్లూ ఏ మంత్రగాడి చుట్టూ తిప్పావు? ఎవడితో వాత పెట్టించావు?" అని బస్సంతా వినేలా అడిగాను. సభల్లో మూఢనమ్మకాల మీద అరిచి అరిచి అలవాటైన గొంతు నాది.

"ఎవలకు సూపియ్యలే సారూ," అన్నాడు. "రోగమని ఎరుకైతే గద! గీ దినాలల్ల మా ఇంటిల్లిపాది పచ్చగనే ఉంటం. పసుపు పోతలేదని వాళ్లవ్వ దినాం పీచువెట్టి రుద్దింది. సరిగ్గ కడుక్కుంటలేవని నేను గుడ కొట్టిన. నిన్న సోయి దప్పి పడిపోయినంక కండ్లు జూసినం."

మూఢనమ్మకానికైతే నా దగ్గర వంద జవాబులున్నాయి. పసుపు పండించేవాడి కళ్లకు పసుపే కనిపిస్తే ఎవరిని తిట్టాలి?

"సదువుకున్నోళ్లు మీరు. జర చెప్పుండ్రి సారూ, బతుకుతదా?"

"దవాఖానలో చూస్తారు," అన్నాను. అంతకు మించి నాకూ తెలియదు.

బస్సు కుదుపుకు పిల్ల కదిలింది. "బాపూ, కడుక్కున్న," అంది సన్నగా.

"ఔ బిడ్డా, మంచిగ కడుక్కున్నవ్."