ఆపరేషన్ థియేటర్ ముందు భోజన ప్రార్థన

నాన్నతో కలిసి నేను చేసిన ఆఖరి ప్రార్థన ఏమిటో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

మాది పెరంబూరు. రాత్రి కుటుంబ ప్రార్థనలో నా వంతు వస్తే సిగ్గుతో మనసులోనే చేసుకునేదాన్ని. నిరుడు నాన్నకు గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. అమ్మ ఏడుస్తోంది. నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఈపొద్దు నువ్వు చెయ్యి పాపా. మనసులో గాదు, నాకు వినపడాల" అన్నాడు.

నర్సు కూడా తల వంచింది. భయంతో కళ్లు మూసుకోగానే చిన్నప్పటి నుంచి అలవాటైన మాటలే బయటికొచ్చాయి. "ప్రభువా, ఈ ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం. వండిన చేతులను దీవించు."

అది అన్నం ముందు చేసే ప్రార్థన. నాన్న ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. సిగ్గుతో కళ్లు తెరవలేకపోయాను. నాన్న మాత్రం పొట్ట కదిలేలా నవ్వాడు.

ఆ ఆపరేషన్ నుంచి నాన్న తిరిగి రాలేదు.

సమాధుల తోట నుంచి ఇంటికొచ్చాక పక్కింటి అత్త అన్నం పెట్టింది. ముద్ద కలిపి ఆగాను. అప్పుడు అందరి ముందూ అదే ప్రార్థన పైకి చేశాను. నేను తిన్నాను, అమ్మకూ తినిపించాను.

ప్రభువు దగ్గర మళ్లీ కలుస్తామని నా విశ్వాసం. అందుకే ఆ తలుపు దగ్గర నవ్వుతూ నాన్న అన్న చివరి మాట తప్పిందని అనుకోను.

"ఆమెన్ పాపా. నేనొచ్చినాక అందరం కూర్చోని తిందాంలే."