వాగవతల పదకొండిళ్లు

ఎలీషబా రైలు కూడా ఎక్కి ఎరగదు. అయినా ఇంగ్లండులోని ఆష్కూమ్ అనే ఊళ్లోకి ఏ దారిన పోవాలో, ఆ దారిలో ఎవరి కుక్క కరుస్తుందో ఆమెకు తెలుసు.

మార్కాపురం దగ్గర మిషన్ బంగళాలో ఆమె పన్నెండేళ్లు వంట చేసింది. అక్కడి దొరసానమ్మది ఆష్కూమ్. నెలకొకసారి ఆమెకు అక్క దగ్గరినుంచి ఉత్తరం వచ్చేది. దాన్ని వంటింటి గడపమీద కూర్చుని తెలుగులో చెప్పేది. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. ఎలీషబా ఉల్లిపాయలు తరుగుతూ వినేది. ఎవరి కళ్లనీళ్లు దేనికో తెలిసేది కాదు.

పొగకు చూపు మందగించి వంట మానుకుంది. ఆ తర్వాత బడిపిల్లల పలకలు చేసే షెడ్డులో చేరింది. అక్కడ మగవాళ్లు గనిలోని రాయిని ఉలితో పొరలుగా చీలుస్తారు. ఆడవాళ్లు నీళ్లు చల్లి, ఇసుకరాయితో దాన్ని నున్నగా రుద్దుతారు. ఆ నీళ్లు గని గుంతలోనుంచి తేవాలి. మనిషికి రోజుకు రెండు కుండలు. గుంతకు నలభై మెట్లు. ఎలీషబా మోకాళ్లు పదో మెట్టు దగ్గరే మొరాయించేవి.

అందుకని షెడ్డులో ఒక ఒప్పందం కుదిరింది. ఆమె పని చేస్తూ ఆష్కూమ్ కబుర్లు చెప్పాలి. ఆమె కుండలు మిగతావాళ్లు వంతులవారీగా తేవాలి. మూడేళ్లుగా ఎలీషబా గుంత మొహం చూడలేదు.

ఆష్కూమ్ గుడికి ఆరువందల ఏళ్లు. గోపురంలో ఆరు గంటలు. ఒకదానికి బీట వారింది, అయినా దాన్నీ మోగిస్తారు. ఒకప్పుడు మహమ్మారి వచ్చి సగం ఊరు పోయింది. దొరసానమ్మ తాత పసివాడుగా ఉన్నప్పుడు వాగు పొంగి పిండిమర కొట్టుకుపోయింది. కోతలయ్యాక గుమ్మడికాయలూ రొట్టెలూ గుళ్లో పేరుస్తారు. ఊరి మధ్యన బందెలదొడ్డి ఉంది.

"ఆడ గూడా ఫారెస్టోళ్లు ఉండారా?" అని అడిగింది సైదాబీ. అడివిలో మేశాయని ఆమె మేకలు రెండుసార్లు బందెలదొడ్డికి పోయాయి.

"ఫారెస్టోళ్లు కాదు. ఉమ్మడి బీడుకు జమీందారు కంచె కొట్టినాడు."

"ఎవురైతే ఏంది, కంచె కంచే," అంది సైదాబీ. ఆ రోజునుంచి ఆష్కూమ్ మీద ఆమెకు అభిమానం కలిగింది.

పుల్లమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. ముఖ్యంగా గుడికి ఎదురుగా సారాయంగడి ఉందన్నప్పుడు.

"గుడికి ఎదురుగానా? నోరు కడుక్కో వదినా. నువ్వు చూసినావా?"

"నువ్వు చూసినావా, లేదనేదానికి?"

"సరే. ఆ ఊరికి పాలెం ఏ దిక్కున ఉంది?"

రుద్దుతున్న చేతులన్నీ ఆగాయి. మూడేళ్లలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. ఊరు వేరు, పాలెం వేరు. కూలిపని చేసే తమబోటివాళ్లు ఊరవతలి పాలెంలో ఉంటారు. ఎలీషబా పుట్టింది పాలెంలోనే. ఉత్తరాల్లో మాత్రం ఆ సంగతి ఎక్కడా రాలేదు.

"తూర్పున, వాగవతల," అంది ఎలీషబా. రెప్ప కూడా వేయలేదు. "పదకొండిళ్లు."

అబద్ధమాడుతున్నానని ఆమెకు అనిపించలేదు. పాలెం లేకపోతే ఆ ఊరి కోతలు ఎవరు కోస్తారు? విరిగిన పలక ముక్క తీసుకుని బలపంతో ఊరంతా గీసింది. గుడి, చెరువు, సారాయంగడి, బందెలదొడ్డి. చివరగా, వాగవతల పదకొండు గీతలు. ఆ ముక్కను గోడ గూట్లో పెట్టారు.

మాఘమాసంలో దొరసానమ్మ అన్న ఇంగ్లండునుంచి వచ్చాడు. పలకలు ఎట్లా చేస్తారో చూడాలన్నాడట. అన్నాచెల్లెళ్లు షెడ్డుకు వస్తున్నారని తెలిసినప్పుడు పుల్లమ్మ మొహం వెలిగింది.

"వదినా, ఇంగ దొరే చెప్తాడు. ఒక్కటి అబద్ధం తేలినా నీ కుండలు నువ్వే మోసుకోవాల."

"తేలితే గదా," అంది ఎలీషబా. మోకాళ్లు అప్పుడే నొప్పి మొదలుపెట్టాయి.

దొర పొడుగ్గా ఉన్నాడు, ఎండకు ఎర్రబడ్డాడు. పుల్లమ్మ పలక ముక్క తీసి సరాసరి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని తిప్పి, మళ్లీ తిప్పి, దబ్బున ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాడు. వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ ఏదో అన్నాడు. దొరసానమ్మ తెలుగులో చెప్పింది.

"గుడి సరే. చెరువు సరే. సారాయంగడి గుడికి ఎదురుగానే. గంటలు కొట్టేవాళ్లు నేరుగా అక్కడికే పోతారు."

షెడ్డంతా పుల్లమ్మ వైపు చూసింది. పుల్లమ్మ తొణకలేదు. వాగవతలి గీతల మీద వేలు పెట్టింది.

"ఇది?"

దొరసానమ్మ వంగి చూసింది. "ఇదేమిటి ఎలీషబమ్మా? ఇది నేనెప్పుడూ చెప్పలేదే. అక్కడేమీ లేదు."

ఎలీషబాకు నలభై మెట్లు కళ్లముందు కదిలాయి.

"పాలెమమ్మా," అంది మెల్లగా. "కూలోళ్లు యాడనో ఒకచోట ఉండాల గదా."

దొర ఏమిటని అడిగాడు. చెల్లెలు చెప్పింది. ఆయన ఆ గీతలను వేలితో లెక్కపెట్టాడు. తర్వాత చెల్లెలితో చిన్నగా మాట్లాడాడు. ఆమె మొహం మారింది.

"ఉన్నాయంట," అంది దొరసానమ్మ. "వాగవతల, పల్లంలో. పొలం పనులవాళ్ల ఇళ్లు. నీళ్లొస్తే ముందు వాళ్లకే వస్తాయంట. చిన్నప్పుడు నన్ను అటువైపు పోనివ్వలేదంట. నాకు తెలియనే తెలియదు."

సైదాబీ చేతిలోని ఇసుకరాయి ఎత్తి జేజేలు కొట్టింది. ఎలీషబా ఊపిరి వదిలింది. అంతలో దొర బొటనవేలు తడి చేసుకుని, చివరి రెండు గీతలు తుడిచేశాడు.

"తొమ్మిదే ఇళ్లంట," అంది దొరసానమ్మ.

వాళ్ల బండి ఇంకా మలుపు తిరగలేదు. పుల్లమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"రెండిండ్లు అబద్ధం. రెండిండ్లకు రెండు కుండలు. లే వదినా."

ఎవరూ అడ్డం రాలేదు. మాట మాటే. ఎలీషబా రెండు ఖాళీ కుండలు తీసుకుని గుంతలోకి దిగింది. దిగేటప్పుడు మెట్టుకొకసారి పుల్లమ్మను తిట్టుకుంది. ఎక్కేటప్పుడు తిట్టడానికి ఊపిరి చాలక ఆష్కూమ్ గురించి ఆలోచించింది. ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగి, ఒక్కతే నవ్వుకుంది.

ఒక్క కుండతో వచ్చి దాన్ని దించింది.

"పుల్లమ్మా, దొరసానమ్మ తాత కాలంలో వాగు పొంగె గదా?"

"పొంగె. పిండిమర పోయినాదంటివి."

"పిండిమర ఒక్కటే పోయినాదా? ఆ రెండిండ్లూ అప్పుడే పోయినాయి. దొర యాడ చూస్తాడు, అప్పటికి పుట్టనే లేదు."

షెడ్డులో ఇసుకరాళ్ల చప్పుడు ఆగిపోయింది. పుల్లమ్మే అడిగింది.

"ఎవురివి ఆ ఇండ్లు?"

ఎలీషబా తన చోట్లో కూర్చుని మోకాళ్లు చాపుకుంది.

"రెండో కుండ కింద మెట్టు మీదనే ఉంది. అది తీసుకరా, చెప్తా."

పుల్లమ్మ లేచింది.